చెరువులోని కొంగలు నా కెమెరాలో ఎందుకు అలుక్కుపోతున్నాయి?

గట్టుమీద మనిషి, అనంతపురం:

అందరికీ నమస్కారం. ఆదివారాల్లో పక్షుల ఫోటోలు తీయడం మొదలుపెట్టి నాకు ఆరు నెలలైంది. నా దగ్గరున్నది లెన్సు మార్చే వీలులేని, 40 రెట్ల జూమ్ గల 16 మెగాపిక్సెళ్ల కెమెరా. మా బావగారు కొత్తది కొనుక్కుంటూ పాతదాన్ని నాకిచ్చారు. ఇందులో షట్టర్ వేగాన్ని, అంటే ఒక్కో ఫోటోకు ఎంతసేపు వెలుతురు పట్టాలో, మనం నిర్ణయించుకునే ఏర్పాటు లేదు. ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురుకు ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) మార్చుకోవచ్చు, ఫోటో వెలుతురును కొంత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

పోయిన ఆదివారం బుక్కరాయసముద్రం చెరువుకు వెళ్లాను. ఇంట్లో పనులు తెమిలి గట్టెక్కేసరికి పదిన్నర దాటింది. అవతల, సుమారు రెండు వందల మీటర్ల దూరంలో, మోకాలి లోతు నీళ్లలో ఎర్రకాళ్ల కొంగలు ఇరవై దాకా మేస్తున్నాయి. స్టాండు వేసి, జూమ్ చివరిదాకా లాగి, డెబ్బై ఫోటోలు తీశాను. ఇంటికి వచ్చి కంప్యూటర్లో చూసుకుంటే ఒక్కదానిలోనైనా కొంగ కన్ను కనిపించలేదు. రెక్కల మీది నల్లటి పట్టీలు తడి కాగితం మీద సిరాలాగా పాకిపోయాయి. స్టాండు మీద పెట్టి తీసినా ఇలా ఎందుకు జరుగుతోంది? కెమెరా మార్చమని మిత్రులు అంటున్నారు గాని, ఇప్పట్లో నాకు ఆ స్తోమత లేదు. వచ్చే నెల కొంగలు గూళ్లు కట్టే వీరాపురం వెళ్లాలని అనుకుంటున్నాను కాబట్టి, ఈలోగా తప్పు నాదో కెమెరాదో తేల్చుకోవాలి.

కొర్రల సంచి, ధర్మవరం:

తప్పు మీదీ కాదు, కెమెరాదీ కాదు; చాలావరకు గాలిదీ గడియారానిదీ అని నా అనుమానం. దాన్ని మీరే పరీక్షించుకోవచ్చు. ఆ డెబ్బై ఫోటోల్లో కదలకుండా ఉన్న వస్తువును, అంటే ఒక గుంజనో బండరాయినో, వరుసగా నాలుగైదు ఫోటోల్లో చూడండి. దాని అంచు ఒక్కో ఫోటోలో ఒక్కో తీరుగా వంకర తిరిగి ఉంటే అది గాలి చేసిన పని. అన్ని వస్తువులూ ఒకే దిక్కుకు సాగినట్టు ఉంటే కెమెరా కదిలింది. కొంగ మసకగా ఉండి, దాని ముందున్న తుంగ మాత్రం తేటగా ఉంటే ఫోకస్ తప్పింది.

ఎండెక్కాక నేల వేడికి దాని మీది గాలి పొరలు పొరలుగా వేడెక్కుతుంది. వేడి గాలి పలుచన, చల్లగాలి చిక్కన. ఆ రెండూ కలియబడే చోట కాంతి కిరణం క్షణానికొక దిక్కుకు వంగుతుంది. మధ్యాహ్నం తారు రోడ్డు మీద కనిపించే ఎండమావికి మూలం కూడా ఈ వేడిగాలే. రెండు వందల మీటర్ల పొడవునా ఆ గాలిలో నుంచి చూసిన కొంగను లక్షల రూపాయల లెన్సు కూడా తేటగా చూపలేదు. మీ గట్టు రాతి గట్టయితే మరీ కష్టం, ఎందుకంటే కెమెరా ముందున్న ఆ రాళ్లే పెనంలా కాగుతుంటాయి.

ఇక దూరం లెక్క చూద్దాం. మీ జూమ్ చివర పెద్ద కెమెరాకు పెట్టే సుమారు 900 మిల్లీమీటర్ల లెన్సుకు సమానమై ఉంటుంది. రెండు వందల మీటర్ల దూరంలో అది దాదాపు ఎనిమిది మీటర్ల వెడల్పూ ఆరు మీటర్ల ఎత్తూ గల చోటును ఫోటోలో నింపుతుంది. కొంగ ఎత్తు మీటరుకు అటూ ఇటూ కాబట్టి, అది ఫోటోలో ఆరోవంతు. దాని కన్నుకు దక్కేది నాలుగైదు చుక్కలు (పిక్సెళ్లు). అదే పన్నెండు మీటర్ల దూరంలో కూర్చున్న లకుముకి పిట్టనైతే, ఈ కెమెరాయే సగానికి పైగా ఫోటో నిండేలా చూపగలదు. అందుకని జూమ్ అంకె చూసి దూరపు పక్షి వెంట పడకుండా, దగ్గరకు రానిచ్చే జీవిని వెతుక్కోవడం మేలు. కరెంటు తీగ మీది పాలపిట్ట, కంచె రాయి మీద తల ఆడించే తొండ, వానలు పడ్డాక పాత బావి మీదికి వాలిన తుమ్మకొమ్మకు గూడు అల్లే గిజిగాడు, ఇవన్నీ మనకు అందే దూరంలో ఉన్నవే. పోయిన వానాకాలం మా ఊరి బావి దగ్గర మూడు ఉదయాలు కూర్చున్నాను. మగ గిజిగాడు గూటిని టోపీ ఆకారం దాకా అల్లి, లోపలి గోడకు తడిమట్టి ముద్దలు అంటించి, ఆడపిట్ట వచ్చి పరీక్షిస్తుంటే రెక్కలు కొట్టుకుంటూ వేలాడింది. ఆడపిట్ట మెచ్చిన గూటినే అది పూర్తి చేస్తుంది. మెచ్చనివి సగంలోనే వేలాడుతూ ఉండిపోతాయి. అదంతా మీ కెమెరాలాంటి దానితోనే తీశాను.

స్టాండుకు బదులు గుడ్డసంచిలో రెండు కిలోల ధాన్యం పోసి, మోటారు సైకిల్ సీటు మీద పెట్టి, కెమెరాను దానిలోకి ఒత్తి తీసి చూడండి. మొదట్లో నేను శెనక్కాయలు పోశాను. కదిలించినప్పుడల్లా గలగలమని పిట్టలు ఎగిరిపోయాయి, మిగిలిన కాయలు మా పిల్లలు తినేశారు. అప్పటినుంచి కొర్రలే వాడుతున్నాను.

బీడు నేల, కర్నూలు:

గాలి సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. రోళ్లపాడు గడ్డిబీళ్లలో ఒకసారి పదకొండింటికి తీసిన కృష్ణజింకలు నీళ్ల మీద తేలుతున్నట్టు వచ్చాయి, కాళ్లు అసలే కనిపించలేదు. అక్కడే ఉదయం ఏడు లోపల తీసినవాటిలో కొమ్ముల మెలికలు లెక్కపెట్టవచ్చు. అయితే కెమెరా మాట పూర్తిగా కొట్టిపారేయవద్దని నా మనవి. ఇలాంటి కెమెరాల్లో వెలుతురును పట్టే సెన్సర్ వెడల్పు ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. పెద్ద కెమెరాలో 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్ ఉంటుంది, విస్తీర్ణంలో చూస్తే సుమారు ముప్పై రెట్ల తేడా. వెలుతురు తక్కువైన ఉదయాన ఐఎస్‌ఓ పెంచితే చిన్న సెన్సర్ ఫోటో గరుకుగా వస్తుంది. మరి గాలి నిలకడగా ఉండేది ఆ వేళలోనే! ఏడాది తరువాతైనా సరే, లెన్సు మార్చుకునే పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి, 300 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి వాడినవి దొరికితే తీసుకోండి.

కొర్రల సంచి, ధర్మవరం:

బీడు నేల గారి మాట కాదనను. కాని పదిన్నరకు గట్టెక్కే అలవాటు మారకుండా కెమెరా మార్చితే, అదే వంకర కొంగ మరింత ఖరీదుగా వస్తుంది. ముందు ఆరున్నరకల్లా అక్కడ ఉండేలా చూసుకోండి. ఐఎస్‌ఓ 400 దగ్గర పెట్టి, కదలని పిట్టకు పది ఫోటోలు తీస్తే ఒకటి రెండైనా నిలుస్తాయి.

లంకమల నీడ, కడప:

వీరాపురం గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది. హిందూపురం దగ్గరి ఆ పల్లెలో కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి కాబట్టి మీ జూమ్ అక్కడ సరిగ్గా సరిపోతుంది. ఆ ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. మనం కూడా ఆ మర్యాద తెలిసి నడుచుకోవాలి. ఎండ మండేటప్పుడు తల్లో తండ్రో రెక్కలు విప్పి పిల్లల మీద నీడ పట్టి నిలబడుతుంది. మనం చెట్టు మొదట్లోకి వెళ్లినా, ఎగిరితే బాగుంటుందని చప్పట్లు కొట్టినా ఆ నీడ లేచిపోతుంది. బూడిదరంగు పిల్లలు ఎండకూ కాకులకూ దొరికిపోతాయి. అలా చప్పట్లు కొట్టిన ఒక బృందాన్ని కళ్లారా చూశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. ఏదో ఒక అరుగు మీద, ఇంటివాళ్లను అడిగి కూర్చోండి. అరగంట గడిచాక కొంగలు మిమ్మల్ని లెక్కచేయవు.

వెలుతురు మాట కూడా చెబుతాను. నల్లటి చింతాకు నేపథ్యంగా ఉంటే కెమెరా వెలుతురు పెంచేసి కొంగ తెలుపును సున్నం కొట్టినట్టు చేస్తుంది. అప్పుడు ఒక మెట్టు తగ్గించండి. ఆకాశం నేపథ్యంగా ఉంటే ఒక మెట్టు పెంచండి.

ఎప్పుడైనా మా కడప వైపు వస్తే మాత్రం కలివికోడి అనే అరుదైన పక్షి కోసం రాత్రిపూట లైటు పట్టుకుని పొదల్లో తిరిగే ఆలోచన పెట్టుకోకండి. లేదనే అనుకున్న ఆ పక్షి 1986లో ఇక్కడే మళ్లీ కనబడింది. లంకమల అభయారణ్యంలో ఫోటోలు తీయడానికి అటవీశాఖ అనుమతి తీసుకోవడం తప్పనిసరి.

గట్టుమీద మనిషి, అనంతపురం:

అందరికీ కృతజ్ఞతలు. పాత ఫోటోలు మళ్లీ చూశాను. చెరువులో పాతిన ఒక గుంజ మొదటి ఫోటోలో ఎడమకు, మూడో ఫోటోలో కుడికి వంగి ఉంది, కాబట్టి అది గాలి పనే. ఈ ఆదివారం ఆరుంబావుకే చేరాను. కొంగల జోలికి పోకుండా, తూము దగ్గర మెట్ల మీద కూర్చున్నాను. నలభై నిమిషాల తరువాత ఒక లకుముకి వచ్చి పది అడుగుల ఎత్తున్న ఇనుప కడ్డీ మీద వాలింది. చేపను కడ్డీకేసి కొట్టేటప్పుడు తీసిన పదకొండు ఫోటోల్లో తొమ్మిది అలుక్కుపోయాయి, ఒకదానిలో తల తెగిపోయింది. మిగిలిన ఒక్కదానిలో ఎర్రటి ముక్కు మీద చేప పొలుసొకటి అంటుకుని ఉండటం కూడా తెలుస్తోంది.

ఒక్క సందేహం మిగిలింది. సంచి చేసుకున్నాను, బాగానే పనిచేసింది. కాని రెండో రాత్రికే ఎలుక దానికి చిల్లు పెట్టింది. కొర్రల సంచి గారు, మీరు దాన్ని ఇంట్లో ఎక్కడ దాస్తున్నారు?