58 సీసీ చైన్ సాకు 22 అంగుళాల బార్ ఉంచాలా, 18కి దిగాలా?

దేవరకొండ బత్తాయి: పాత బత్తాయి తోట తీసేస్తున్నాం. మొదళ్లు జానెడుకు కాస్త ఎక్కువ, అంతే. కానీ గట్టు మీద ఎండిపోయిన వేపలు, ఒక పెద్ద చింత ఉన్నాయి. 58 సీసీ రంపం మిషన్ 22 అంగుళాల బార్‌తో (చైన్ చుట్టూ తిరిగే పొడుగు పట్టీ) వచ్చింది. చింతలోకి సగం దించగానే ఇంజన్ గొంతు మారిపోతోంది, చైన్ ఆగుతోంది. 18 వేస్తే నయమా? చైన్ ఏది కొనాలి, ఆకురాయి ఏ సైజు, ఎండిన చెట్టుకు కూడా పర్మిషన్ కావాలా?

తుమ్మబొగ్గు: 22 తీసి అటక మీద పెట్టన్నా. బొగ్గు బట్టీకి సర్కారు తుమ్మ మొత్తం మేం 16తోనే కోస్తాం. ముండ్ల పొదలో పొడుగు బార్ పెడితే దాని ముక్కు, అంటే చివరి కొన, ఎక్కడుందో కనపడదు. ముక్కు పైభాగం ఏ కొమ్మకైనా తగిలిందంటే మిషన్ నేరుగా మొహం మీదికే లేస్తుంది. మా దగ్గర ఒకతని దవడకు కుట్లు పడ్డాయి, చైన్ బ్రేక్ పనిచేయని మిషన్ అది.

మేస్త్రి_మిర్యాలగూడ: ఈ మిషన్లు విప్పి బిగించడమే నా బతుకు, కాబట్టి నా మాట వినండి. ముందు ఆ 58 అనేదే అబద్ధం. చాలా వాటిలో బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 45.2 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 34. లెక్క కట్టుకోండి, 54.6 సీసీ దాటదు. దానికి 22 తగిలించి అమ్మేది పెట్టె మీద బొమ్మ పెద్దగా కనపడాలని. 18 పెట్టు, మహా అయితే 20. చింత చేవ మీద తేడా నీకే తెలుస్తుంది.

హాలియా పోరడు: నాది కూడా 22 బారే, బ్రహ్మాండంగా కోస్తుంది. పదును పెట్టడం రానోళ్లు బార్‌ను తిడతారు.

మేస్త్రి_మిర్యాలగూడ: నువ్వు కోసేది జామాయిల్ తమ్మీ. చింత కోసి వచ్చి మాట్లాడు.

హాలియా పోరడు: చింత కూడా కోశాను. పొట్టు పొడిలా రాలుతోందంటే పన్ను మొద్దుబారినట్టే. రవ్వరవ్వగా, పేళ్లుగా రావాలి. ట్యాంకు అయిపోయినప్పుడల్లా 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో రెండేసి గీతలు గీస్తాను, ట్రాక్టర్ కాలిన ఆయిల్ బార్‌కి నిండుగా పోస్తాను, ఏ బార్ అయినా నడుస్తుంది.

నాగర్‌కర్నూల్ రైతుబిడ్డ: కాలిన ఆయిలా?? అందులో ఇనుప రజను ఉంటుంది, అదే బార్ గాడిని తినేస్తుంది. పైగా తిరిగే చైన్ మీంచి చిమ్మి నీ చేతుల మీద, బట్టల మీద, నేల మీద పడేది అదే. చర్మానికి మంచిది కాదయ్యా.

హాలియా పోరడు: బార్ ఆయిల్ లీటరు ధర ఎంతో తెలుసా? ఊరంతా ఇదే పోస్తున్నారు, ఎవడికీ ఏం కాలేదు.

నాగర్‌కర్నూల్ రైతుబిడ్డ: ఊరంతా హెల్మెట్ కూడా పెట్టుకోదు. కొత్త ఆయిల్ కొనలేనోడివి మిషన్ ఎందుకు కొన్నావ్?

హాలియా పోరడు: మీరు పల్లీ నూనె పోసుకోండి సారూ, పోపు వాసన వస్తుంది.

తుమ్మబొగ్గు: ఇద్దరూ జర ఆగండి. ఏ నూనె అయినా బార్ దాకా వస్తోందా లేదా చూడండి ముందు. ముక్కును తెల్ల అట్టకు దగ్గరగా, తగలకుండా పట్టుకొని రేస్ ఇస్తే నూనె గీత పడాలి. పడకపోతే బార్ మీది రంధ్రంలో పొట్టు ఇరుక్కుంది. విప్పినప్పుడల్లా బార్ తిరగేసి బిగిస్తే రెండు వైపులా సమంగా అరుగుతుంది.

పాలమూరు చెట్టు: 18 బార్ అంటే 18 అంగుళాల చెట్టే అనుకోవద్దు, రెండు వైపుల నుంచి కోస్తే 30 అంగుళాల మొదలు కూడా పడుతుంది. ఆ లెక్కన మా మహబూబ్‌నగర్ పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి ఎంత బార్ కావాలో 😄

జడ్చర్ల భాయ్: ఇందులో నవ్వేదేముంది? 2018లో చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించి బతికించుకున్న చెట్టు అది. దాని మీదా రంపం జోకులు.

పాలమూరు చెట్టు: మా జిల్లా చెట్టు, మా జోకు. మీకెందుకంత కోపం?

దేవరకొండ బత్తాయి: చైన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

మేస్త్రి_మిర్యాలగూడ: నీ మిషన్‌కు ఎక్కువగా .325 అంగుళాల పిచ్ (లింకుల మధ్య కొలత), .058 అంగుళాల గేజ్ (బార్ గాడిలో కూర్చునే పన్ను మందం) ఉంటుంది. బార్ మీదే చెక్కి ఉంటుంది, చూసుకో. 18కి మామూలుగా 72 లింకులు. 20 దగ్గరే జాగ్రత్త, కంపెనీని బట్టి 76, 78, 80 కూడా వస్తాయి. అంగుళాలు చెప్పి చైన్ కొనకు, పాతది చేతిలో పట్టుకొని లోపలి పళ్లు లెక్కపెట్టి కొను. ఆకురాయి 4.8, ఇందాక పోరడు చెప్పింది ఆ ఒక్కటే కరెక్టు.

హాలియా పోరడు: ఒప్పుకున్నావ్ కదా, చాలు.

నాగర్‌కర్నూల్ రైతుబిడ్డ: పర్మిషన్ గురించి: 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, మన పొలంలో చెట్టయినా సరే. వేప, చింత కొట్టే ముందు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడగండి. దుంగలు లారీకెత్తాక కాగితం అడిగితే అక్కడే ఆగిపోతారు.

జడ్చర్ల భాయ్: చింత దుంగ అమ్మేటట్టుంటే చెప్పండి, మాంసం కొట్టుకు మొద్దు కావాలి. అడ్డంగా, అడుగు మందం, పగుళ్లు లేకుండా.