గేమింగ్ పీసీ వెనక గదిలో, టీవీ హాల్లో: హెచ్‌డీఎంఐ లాగాలా, స్ట్రీమింగ్ చాలా?

బరంపురం కుర్రాడు
మాది పాత ఊళ్ళో బారుగా ఉండే ఇల్లు. వీధి వైపు హాలు, అక్కడే ఫోర్‌కే టీవీ. పీసీ చివరి గదిలో. మధ్యలో రెండు గదులు, లావు గోడలు. కేబుల్ దారి కొలిస్తే 18 మీటర్లు వచ్చింది. పొడుగు హెచ్‌డీఎంఐ కొనమని షాపులో అంటున్నారు, ఆటని నెట్‌వర్క్ మీద టీవీకి పంపే స్ట్రీమింగ్‌కి వైఫై చాలని ఫ్రెండ్స్. పీసీని హాల్లోకి తెస్తే ఇంట్లో ఒప్పుకోరు. ఏది మంచిదంటారు?

జయపురం
తమ్ముడూ, మామూలు రాగి హెచ్‌డీఎంఐ మాత్రం కొనకు. ఫోర్‌కే బొమ్మ సెకనుకు 60 ఫ్రేముల చొప్పున రావాలంటే సెకనుకు దాదాపు 18 గిగాబిట్ల డేటా పారాలి. రాగి కేబుల్ ఐదారు మీటర్లు దాటితే అంత మోయలేదు. తెర మీద చుక్కలు మెరుస్తాయి, ఉండుండి నల్లబడుతుంది. అంత దూరానికి ఫైబర్ హెచ్‌డీఎంఐ ఉంది, రాగికి బదులు గాజు పోగుల్లో కాంతిగా పంపుతుంది. కానీ దానికి పీసీ కొస వేరు, టీవీ కొస వేరు. తిరగేస్తే బొమ్మే రాదు. గోడ పైపులోకి తోసేముందు బయటే పెట్టి చూసుకోవాలి.

ఇంత చేసినా వచ్చేది బొమ్మ, శబ్దమే. మరి కంట్రోలర్? బ్లూటూత్ ఆ గోడలు దాటి పీసీ దాకా సరిగా అందదు. వైరుతో కలుపుదామన్నా మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌కి 5 మీటర్లే హద్దు. ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పరు.

అందుకే నా ఓటు లాన్ కేబుల్‌కి. క్యాట్ సిక్స్ రకం లాన్ కేబుల్ మీద 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగం వస్తుంది. పీసీలో ఆటని పంపే సన్‌షైన్, ఆండ్రాయిడ్ టీవీలో దాన్ని అందుకుని చూపే మూన్‌లైట్ యాప్‌లు వేసుకో. రెండూ ఉచితం. కంట్రోలర్‌ని టీవీకే జత చేస్తావు కాబట్టి ఆ గొడవే ఉండదు.

రాయగడ
జయపురం గారూ, కంట్రోలర్ సంగతి ఒప్పుకుంటాను, మిగతాది ఒప్పుకోను. స్ట్రీమింగ్‌లో పీసీ ప్రతి ఫ్రేమునీ కుదించి పంపాలి, టీవీ దాన్ని విప్పాలి. 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేముకి దక్కేది 16.7 మిల్లీసెకన్లు. టీవీలో చిప్ నీరసంగా ఉంటే విప్పడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. షూటింగ్, ఫైటింగ్ ఆటల్లో ఆ తేడా చేతికి తెలుస్తుంది. చీకటి దృశ్యాలు గళ్ళుగళ్ళుగా కనిపిస్తాయి కూడా. వేలు పోసి గ్రాఫిక్స్ కార్డు కొని, చివరికి కుదించిన బొమ్మ చూడమంటే ఎలాగండీ? ఫైబర్ కేబుల్ ఒక్కసారి ఖర్చు. కంట్రోలర్ కోసం సిగ్నల్‌ని మధ్యలో పెంచే యాక్టివ్ యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కూడా దాంతోపాటే లాగేస్తే సరి.

పర్లాకిమిడి
ఏ కేబుల్ అయినా డాబా మీదుగా, బయటి గోడ వెంట మాత్రం లాగొద్దు బాబూ. మన వైపు కాలవైశాఖి వానలంటే పిడుగులే కదా. మా ఇంట్లో అలా లాగిన లాన్ కేబుల్ వల్ల రౌటర్, టీవీ పోర్టు రెండూ ఒకేసారి పోయాయి. లోపలి నుంచే లాగు. కరెంటు తీగలున్న పైపులో పెట్టకు.

జయపురం
రాయగడ గారూ, ఆలస్యం ఉంటుంది, కాదనను. కానీ అది ఆటని బట్టి. కథ నడిచే ఆటలు, క్రికెట్ లాంటివాటికి ఇబ్బంది అనిపించదు. పైగా మూన్‌లైట్‌లో విప్పడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో తెర మీదే చూడొచ్చు. ఊహించుకోవాల్సిన పని లేదు.

తమ్ముడూ, ఒక్కటి చూసుకో. చాలా టీవీల లాన్ పోర్టు 100 మెగాబిట్లదే. మూన్‌లైట్‌లో బిట్‌రేటు, అంటే సెకనుకు పంపే డేటా, 80 మెగాబిట్లు దాటనివ్వకు. టీవీలో బొమ్మకి మెరుగులు తగ్గించి త్వరగా చూపే గేమ్ మోడ్ పెట్టడం మర్చిపోకు, అది లేకపోతే ఏ కేబుల్ వేసినా ఆలస్యమే.

బరంపురం కుర్రాడు
నేను ఎక్కువగా ఆడేవి కథ ఆటలు, ఫుట్‌బాల్. ముందు క్యాట్ సిక్స్ తెచ్చి నేల మీదే పరిచి ఆ మిల్లీసెకన్లు చూస్తాను. 16 దాటితే ఫైబర్‌కి వెళ్తాను.

రాయగడ
చూడు. కానీ బొమ్మ బాగా కదిలే ఆటతో చూడు, మెనూ తెర పెట్టి కాదు.