కాలేజ్ స్టేషన్‌లో ఈ అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మొత్తం టెయిల్‌గేట్ (ఆట రోజు స్టేడియం దగ్గర గుడారం వేసి వండుకు తినడం) చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

శనివారం_బ్యాచ్ (ఆగస్టు 2025)

అందరికీ నమస్తే. మేం ఏడుగురం, ఇక్కడి టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నాం, పోయిన ఆగస్టులో వచ్చాం. మొదటి సెమిస్టర్ అంతా అసైన్‌మెంట్లు, గ్రేడర్ పని, వంట, నిద్ర, ఇంతే. ఆట ఉన్న శనివారాల్లో మా స్టేడియం కైల్ ఫీల్డ్ అరుపులు మా బాల్కనీ దాకా వినపడుతుంటే తలుపేసుకుని చదువుకున్నాం. నవంబర్ 30న టెక్సస్ యూనివర్సిటీతో ఆట రోజు మాత్రం సరుకులకని బయల్దేరి, ట్రాఫిక్ కదలక, బండి దూరంగా పెట్టి స్పెన్స్ పార్క్ మీదుగా నడవాల్సి వచ్చింది. ఎటు చూసినా మెరూన్ రంగు గుడారాలు, పొగ, పొడవాటి కర్రలకు జెండాలు, పిల్లలు బంతి విసురుకుంటున్నారు. నాకైతే కోటప్పకొండ తిరునాళ్లకు ముందు రోజు ప్రభలు నిలబెడుతున్నట్టే అనిపించింది. ఒక పెద్దాయన మమ్మల్ని పిలిచి ప్లేట్లలో బ్రిస్కెట్ పెట్టబోయాడు. మాలో ఎవరూ బీఫ్ తినమని చెబితే ఏమీ అనుకోకుండా కాల్చిన మొక్కజొన్న పొత్తులు చేతికిచ్చాడు. పది నిమిషాలే నిలబడ్డాం, కానీ అప్పటినుంచీ ఆ పది నిమిషాలే గుర్తొస్తున్నాయి.

మాలో చాలామందికి ఇదే ఇక్కడ ఆఖరి సీజన్. అందుకని ఈసారి ఇంటి దగ్గర జరిగే ఏడు ఆటలకూ మా సొంత గుడారం వేద్దామనుకుంటున్నాం. ఆగస్టు 30న మొదటిది. స్థలం ఎలా దొరుకుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఏం వండుకెళ్లాలి, ఏమీ తెలీదు. ఇద్దరు పూర్తిగా వెజ్, ఒకడు శనివారం నాన్‌వెజ్ ముట్టడు, ఆటలన్నీ శనివారమే! ముగ్గురు తాగరు. ఆట రూల్స్ ఒక్కరికీ సరిగా రావు. అక్కడికి వెళ్లి ఓ మూల మాలో మేమే తెలుగులో మాట్లాడుకుని వచ్చేస్తామేమోనని నాకు కొంచెం టెన్షన్‌గా కూడా ఉంది. చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

---

మెరూన్_నెల్లూరు

తమ్ముడూ, తప్పకుండా చెయ్యండి. పోయిన ఏడాది మేం ఎనిమిదిమందిమి ఏడు ఆటలకూ వేశాం, ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఇది రాస్తుంటే మళ్లీ అక్కడికి వెళ్లిపోవాలనిపిస్తోంది.

ముందు ఒక మాట, టెయిల్‌గేట్‌కి టికెట్ అక్కర్లేదు. ట్రక్కు వెనక తలుపు దించి దానిమీద తిండి పరుచుకునేవాళ్లు, ఆ పేరు అలా వచ్చింది. ఇప్పుడు ట్రక్కు లేకపోయినా గుడారం, మడత కుర్చీలు, మంచుపెట్టె, చిన్న గ్రిల్ ఉంటే చాలు. స్పెన్స్ పార్క్‌లో పోటీ ఎక్కువ, 2022లో తెరిచిన ఆగీ పార్క్ కూడా దగ్గరే. ఎక్కడ వెయ్యొచ్చు, ఎన్నింటినుంచి వెయ్యొచ్చు అనేది యూనివర్సిటీ గేమ్ డే పేజీలో ఈ ఏడాది రూల్స్ చూసుకుని వెళ్లండి.

మా మొదటి ఆట నోటర్ డేమ్‌తో, ఆగస్టు 31, సాయంత్రం ఆరున్నరకి. మేం మధ్యాహ్నమే వెళ్లాం. రెంటచింతల ఎండ చూసినవాణ్ని, అయినా ఆ రోజు తట్టుకోలేకపోయాను. నాలుగు సంచుల మంచు తీసుకెళ్తే మూడింటికల్లా నీళ్లయిపోయింది. గుడారం కాళ్లకు బరువులు కట్టలేదు, ఒక్క గాలికి లేచి పక్కవాళ్ల టేబుల్ మీద పడింది. వాళ్లు కోప్పడతారనుకున్నాం. వాళ్లే లేచి వచ్చి పట్టుకుని, తమ దగ్గరున్న రెండు ఇసుక సంచులు మాకిచ్చి, మాతో కూర్చున్నారు. ఆట 23-13తో ఓడిపోయాం. కానీ ఆ పక్కవాళ్లు సీజన్ అంతా మా పక్కవాళ్లే అయ్యారు.

నీ టెన్షన్‌కి నా సమాధానం ఇదే. ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ), టెక్సస్ లాంటి పెద్ద ఆటలకే వెళ్దామని మా వాళ్లూ అన్నారు. అలా చెయ్యొద్దు. ప్రతిసారీ వీలైనంత వరకు అదే చెట్టు కింద వెయ్యండి. బౌలింగ్ గ్రీన్‌తో ఆట ఉన్న రోజు మాలో సగం మంది రాలేదు, పెద్ద టీమ్ కాదు కదా అని. నలుగురమే ఉన్నాం, పక్కవాళ్లూ నలుగురే. ఆ రోజే వాళ్లలో ఒకాయన తన ఉంగరం తీసి చూపించాడు, ఈ యూనివర్సిటీలో చదివినవాళ్లు (ఆగీలు) వేసుకునే ఆగీ రింగ్ అంటే ఎంత విలువో తెలుసుగా, ఎప్పుడు చదివాడో, ఎవరితో ఏ ఆటకు వచ్చేవాడో అంతా చెప్పాడు. పెద్ద ఆట రోజు అంత తీరిక ఎవరికీ ఉండదు. ఆ తర్వాత అక్టోబర్ 26న ఎల్ఎస్‌యూ ఆట. సగానికి 17-7 వెనకబడి ఉన్నాం, రెండో సగంలో మా ఆటగాడు మార్సెల్ రీడ్ వచ్చి పరుగెత్తుకుంటూ మూడు టచ్‌డౌన్లు (బంతితో అవతలి చివరి గీత దాటడం) చేశాడు, 38-23తో గెలిచాం. ఆ రాత్రి మా గుడారం ఎవరిదో, వాళ్లది ఎవరిదో తేడా లేకుండా పోయింది.

ఆట లోపలికి వెళ్లాలనుకుంటే విద్యార్థుల స్పోర్ట్స్ పాస్ కొని, ఆ వారం టికెట్లు ఇచ్చేచోట (టికెట్ పుల్ అంటారు) క్యూ కట్టాలి. సీనియర్లకి, గ్రాడ్యుయేట్లకి సోమవారమే మొదటి అవకాశం, అది మీకు మంచిది. లోపల స్టూడెంట్ సెక్షన్‌లో ఆట అయ్యేదాకా నిలబడే ఉంటారు, కూర్చోరు. 1922లో ఆటగాళ్లు గాయపడుతుంటే కింగ్ గిల్ అనే విద్యార్థి స్టాండ్స్‌లోంచి దిగి, యూనిఫాం వేసుకుని, అవసరమైతే ఆడతానని ఆట అయ్యేదాకా నిలబడ్డాడట. మైదానంలో పదకొండుమంది, స్టాండ్స్‌లో నిలబడ్డ విద్యార్థులు పన్నెండో మనిషి అనేది అక్కడినుంచి వచ్చిన మాట. సంచులు పారదర్శకంగా లేకపోతే లోపలికి రానివ్వరు, మామూలు బ్యాక్‌ప్యాక్ తీసుకెళ్లి మళ్లీ బండి దాకా నడవొద్దు.

---

హ్యూస్టన్_వదిన

తిండి సంగతి నేను చెప్తాను. మా ఆయన అక్కడే చదివారు, గంటన్నర దూరమే కాబట్టి ఏటా రెండు మూడు ఆటలకు పిల్లల్ని తీసుకుని వెళ్తాం.

పులిహోర చెయ్యండి బాబూ. చింతపండు పులిహోర ఎండలో పాడవదు, చల్లారినా బాగుంటుంది, వెజ్ వాళ్లకీ శనివారం పిల్లాడికీ సరిపోతుంది. పెద్ద అల్యూమినియం ట్రేలో సర్ది పైన వేరుశనగ గుళ్లు దండిగా వెయ్యండి. పెరుగన్నం మాత్రం ఆగస్టు, సెప్టెంబర్‌లో వద్దు, రెండు గంటల్లో పులిసిపోతుంది. చికెన్ ముందు రోజు రాత్రే అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు పట్టించి జిప్ కవర్లలో ఫ్రిజ్‌లో పెట్టి, అక్కడికి మంచులో తీసుకెళ్లండి. అన్నిటికంటే తేలిక మొక్కజొన్న పొత్తులు, కాల్చి నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్దితే పక్క గుడారాల వాళ్లు వరస కడతారు, ఇది నేను కళ్లారా చూసింది. వెజ్ వాళ్లకి గ్రిల్‌లో ఒక పక్క వేరుగా ఉంచండి, కుదిరితే చిన్న గ్రిల్ ఇంకోటి తీసుకోండి. పనీర్ ముక్కల పక్కన చికెన్ రసం కారుతుంటే పాపం వాళ్లు మొహమాటానికి తింటారు, లేకపోతే ఆకలితో ఉంటారు. అలా చెయ్యకండి.

పొద్దున పదకొండింటి ఆటలు కూడా ఉంటాయి. వాటికి ఏడింటికల్లా అక్కడుండాలి. గ్రిల్ వెలిగించే టైమ్ ఉండదు, ఇంట్లో ఉప్మా చేసి హాట్‌ప్యాక్‌లో పెట్టుకుని, ఫ్లాస్క్‌లో కాఫీ పోసుకుని వెళ్లండి. పోయిన ఏడాది మిజోరి ఆటకి మేం అదే చేశాం. ఎదురు గుడారంలో ఒకావిడ ఉప్మా రెండుసార్లు పెట్టించుకుని ఎలా చెయ్యాలో రాయించుకుంది.

బొగ్గులు పూర్తిగా ఆరాయో లేదో చూడకుండా చెత్త కవర్‌లో వెయ్యొద్దు. వచ్చేటప్పుడు మీ చోటు శుభ్రం చేసి రండి, వచ్చేసారి మిమ్మల్ని ఆ చోట చూసి సంతోషపడేలా.

---

పదిగజాలు

నేను కొంచెం వేరేలా చెప్తాను. ఏడుకి ఏడూ అనొద్దు. పైన అన్న చెప్పింది నిజమే, కానీ ఒక్కో టెయిల్‌గేట్ రోజంతా తినేస్తుంది, శుక్రవారం సరుకులు, శనివారం ఆట, ఆదివారం నిద్ర. ఉద్యోగాల వేట కూడా సెప్టెంబర్, అక్టోబర్‌లోనే గట్టిగా ఉంటుంది. మా బ్యాచ్‌లో ఒకడు ఆటకోసం ఇంటర్వ్యూ ప్రిపరేషన్ వదిలేసి తర్వాత చాలా బాధపడ్డాడు. గుడారం ప్రతిసారీ ఉండాలి, మనుషులు వంతులవారీగా రావాలి. ఎవరికి పరీక్ష ఉంటే వాళ్లు ఆ వారం రాకూడదు, రాలేదని ఎవరూ అనకూడదు. ఈ మాట మొదటి రోజే అనుకోండి.

డబ్బులు: గుడారం, టేబుల్, కుర్చీలు, మంచుపెట్టె, గ్రిల్ కలిపి మాకు 300 డాలర్లలోపే అయింది, కొన్ని పాతవి కొన్నాం. తర్వాత ఒక్కో ఆటకి మనిషికి 12 నుంచి 15 డాలర్లు. ముందే ఖర్చులు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఒక గ్రూప్ పెట్టి, బీర్ల లెక్క తిండి లెక్కలో కలపకండి. తాగనివాళ్లు తాగేవాళ్ల ఖర్చు పంచుకుంటుంటే మూడో ఆటకి లోలోపల మాటలు మొదలవుతాయి, మాకు మొదలయ్యాయి.

ఇంకోటి చాలా ముఖ్యం. తాగినవాడు స్టీరింగ్ పట్టకూడదు, ఒక్క బీరైనా సరే. మనం ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లం, తాగి నడుపుతూ అరెస్టయితే కోర్టు కేసు తేలకముందే వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది. తాగని ముగ్గురున్నారు కదా, వాళ్లలో ఎవరు ఏ రోజు నడుపుతారో ముందే రాసుకోండి, ఆ రోజు వాళ్ల తిండి ఖర్చు మిగతావాళ్లు పెట్టుకోండి. 21 నిండని పక్కవాళ్ల పిల్లలకి ఎవరడిగినా బీరు ఇవ్వకండి.

ఆట గురించి భయపడకండి. బంతి చేతిలో ఉన్న టీమ్‌కి నాలుగు ప్రయత్నాలు, వాటిలో పది గజాలు ముందుకు వెళ్తే మళ్లీ కొత్తగా నాలుగు. అంతే, ఇది అర్థమైతే సగం ఆట వచ్చినట్టే. టచ్‌డౌన్‌కి ఆరు, ఆ తర్వాత కాలితో కొడితే ఇంకోటి, దూరం నుంచి గోల్ కొడితే మూడు. మన చేతిలో బంతి ఉన్నప్పుడు ఊరుకోవాలి, అవతలివాళ్ల చేతిలో ఉన్నప్పుడు గొంతు పోయేలా అరవాలి. మనూళ్లో కూత పెట్టినవాడికి మద్దతుగా అరుస్తాం, ఇక్కడ సరిగ్గా తిరగేసి. ఆట ముందు రాత్రి పన్నెండింటికి స్టేడియంలో యెల్ ప్రాక్టీస్ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, ఒక్కసారి వెళ్తే అరుపులన్నీ వచ్చేస్తాయి.

---

శనివారం_బ్యాచ్ (నవంబర్ 16, 2025)

మళ్లీ వచ్చి రాస్తానని అనుకున్నాను, ఇవాళ రాయకపోతే ఇంకెప్పుడూ రాయలేను.

ఆరు ఆటలయ్యాయి. గుడారం ప్రతిసారీ వేశాం, పదిగజాలు గారు చెప్పినట్టు మనుషులు మారుతూ వచ్చారు, ఆబర్న్ ఆటకి నేను కూడా వెళ్లలేదు, సోమవారం ఇంటర్వ్యూ ఉంది. ఇసుక సంచులు మొదటి రోజునుంచీ కట్టాం అన్నా. పులిహోర ఆరుసార్లూ చేశాం. రెండో ఆటనుంచి పక్క గుడారంలో ఒక పెద్ద కుటుంబం వచ్చి కూర్చుంటోంది, వాళ్ల మనవరాలు మమ్మల్ని చూడగానే హౌడీ అనడానికి బదులు పులిహోర అంటుంది.

నిన్న సౌత్ కరోలినాతో ఆట పదకొండింటికి. కార్తీకమాసం కాబట్టి మాలో నలుగురు వెజ్, ఉప్మా, కాఫీతో పొద్దున్నే వెళ్లాం వదినా. నలుగురికి లోపల టికెట్లున్నాయి, ముగ్గురం బయటే ఉండి పక్కవాళ్ల టీవీలో చూశాం. సగానికి 30-3. నాకు కడుపులో దేవినట్టయింది. ఈ ఏడాది ఒక్కటి కూడా ఓడిపోలేదు, మా ఆఖరి సీజన్‌లో ఇలానా అని. మావాడొకడు లేచి కుర్చీలు మడవడం మొదలుపెట్టాడు. పక్క గుడారం పెద్దాయన ఏమీ అనలేదు, వచ్చి ఆ కుర్చీ మళ్లీ విప్పి దాంట్లో తనే కూర్చుని మమ్మల్నీ కూర్చోమన్నాడు. లోపలున్న మావాడు ఫోన్ చేసి, ఇక్కడ మావైపు వాళ్లు నిలబడే ఉన్నారురా, మేమూ ఎక్కడికీ పోవట్లేదు అన్నాడు.

రెండో సగంలో వాళ్లకి ఒక్క పాయింటు కూడా రాలేదు, మనకి 28. 31-30. స్టేడియం లోపలి అరుపు ముందు వినపడేది, తర్వాత టీవీలో అదే కనిపించేది, అందుకని ప్రతి టచ్‌డౌన్‌కీ రెండుసార్లు ఎగిరాం. ఆఖరున ఆ పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ నన్ను పట్టుకుని వదల్లేదు. నేనూ ఏడ్చాను. రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్తే, నీకు ఆ ఆట అర్థమవుతుందా అని అడిగింది. అవుతుందమ్మా అన్నాను.

22న సామ్‌ఫర్డ్‌తో ఆఖరిది. కార్తీకం 20తో అయిపోతుంది కాబట్టి చికెన్ పెడుతున్నాం, పక్క కుటుంబం, వాళ్ల చుట్టాలు, మా డిపార్ట్‌మెంట్ వాళ్లు కలిపి నలభై మంది దాకా వస్తామన్నారు. పులిహోరకి మా కుక్కర్ సరిపోదు. కాలేజ్ స్టేషన్‌లో గానీ బ్రయన్‌లో గానీ ఎవరి దగ్గరైనా ఐదారు కిలోల బియ్యం పట్టే గిన్నె ఉంటే శుక్రవారం సాయంత్రానికి ఇవ్వగలరా, ఆదివారం తోమి తెచ్చిస్తాం. ఆ శనివారం ఇక్కడ ఉన్నవాళ్లెవరైనా రండి, స్పెన్స్ పార్క్‌లో పొడవాటి కర్రకి మెరూన్ జెండా, దాని కింద మామిడాకుల తోరణం కట్టి ఉంటుంది.