ఖర్చు మిగిల్చిన అధికారికి వాటా ఇస్తే ప్రభుత్వం చిన్నదవుతుందా?

గంటస్తంభం (విజయనగరం):
శాఖాధిపతులు తమ శాఖని తామే ఎందుకు తగ్గించుకుంటారన్నది పాత ప్రశ్న. డబ్బు ఆశ చూపిస్తే? 20 కోట్ల బడ్జెట్ ఉన్న శాఖ 18 కోట్లతో నడిచిందనుకోండి. మిగిలిన 2 కోట్లలో పది శాతం, అంటే 20 లక్షలు, అధికారికీ సిబ్బందికీ బోనస్. ఖజానాకి ఇంకా కోటీ 80 లక్షలు మిగులు. కాగితం మీద ఇద్దరికీ లాభమే కదా, మరి ఇలా ఎక్కడా పెద్దగా నడిచినట్టు కనబడదేం? నీతి కబుర్లు వద్దు. లెక్క ఎక్కడ తేడా కొడుతుందో చెప్పండి.

ట్రెజరీ మెట్లు (శ్రీకాకుళం):
ఆ 20 కోట్ల దగ్గరే తేడా కొడుతుందండి. ఆ అంకె వేసింది ఎవరు? ఆ శాఖే. జీతాల అంచనాకి డీడీవోలు (ఆఫీసు జీతాల బిల్లులు పెట్టి డబ్బు డ్రా చేసే అధికారులు) నంబర్ స్టేట్‌మెంట్ పంపుతారు: మంజూరైన పోస్టులెన్ని, పనిచేసేవారెందరు, ఖాళీలెన్ని. మిగులులో వాటా అని జీవో వచ్చిందంటే, మరుసటి ఏడు ఖాళీలన్నీ నిండిపోతున్నట్టే అంచనా వేస్తారు. మార్చికి నిండవు. మిగులు చూపించి బోనస్ తీసుకుంటారు. ఒక్క పోస్టూ రద్దు కాదు.

రెండోది, పద్దుల మధ్య జారుడు. బడ్జెట్‌లో ఒక్కో రకం ఖర్చుకి ఒక్కో పద్దు నంబరు: 010 అంటే జీతాలు, 130 కార్యాలయ ఖర్చులు, 240 పెట్రోలు, 300 కాంట్రాక్టు సేవలు. అటెండరు పోస్టు ఖాళీగా ఉంచి, అదే పనికి 300 కింద ఔట్‌సోర్సింగ్ మనిషిని పెట్టుకుంటే 010లో మిగులు పుడుతుంది. అసలు పని ఎక్కడికీ పోలేదు. కాబట్టి కొలిస్తే అన్ని పద్దులూ కలిపి కొలవాలి. ఆప్కాస్ (రాష్ట్ర ఔట్‌సోర్సింగ్ కార్పొరేషన్) ద్వారా వచ్చినవాళ్లనీ, ఆ శాఖ కింది కార్పొరేషన్లు, సొసైటీల ఖాతాలో చూపించేవాళ్లనీ కూడా లెక్కలోకి తేవాలి.

మూడోది వాయిదా. మన లెక్కలు నగదు లెక్కలు. చెల్లిస్తేనే ఖర్చు. ఫిబ్రవరి కరెంటు బిల్లు, బండి అద్దె ఏప్రిల్‌కి నెడితే ఈ ఏడు పొదుపు చేసినట్టే లెక్క. పెండింగ్ బిల్లుల సంగతి కాంట్రాక్టర్లని అడిగితే చెప్తారు.

ఇప్పుడున్న పద్ధతి దీనికి తిరగేసి ఉందన్నది మాత్రం నిజం. మార్చి 31 దాటితే మిగిలింది ల్యాప్స్, పైగా ‘పోయినేడు ఖర్చే పెట్టలేదు కదా’ అని కోత. ఏడాది చివర్లో ఖర్చుల హడావుడి ఆర్థిక మర్యాదని ఉల్లంఘించడమేనని కేంద్రం 2017 జీఎఫ్ఆర్ (కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు) 62(3)లో రాసుకుంది. చివరి త్రైమాసికంలో 33 శాతం, మార్చిలో 15 శాతం మించకూడదని పరిమితులూ పెట్టారు. దాంతో హడావుడి కాస్త ముందుకి జరుగుతుంది, అంతే.

చీపురుపల్లి మాస్టారు:
ఈ ఆలోచన కొత్తదేం కాదు. అధికారులు బడ్జెట్ పెంచుకోడానికే చూస్తారని 1971లో వాదించిన అమెరికా ఆర్థికవేత్త విలియం నిస్కనెన్, మిగులులో వాటా ఇవ్వడం కూడా ఒక మందుగా చెప్పాడు. మన దగ్గర చిక్కేంటంటే జీతం బడ్జెట్‌ని బట్టి రాదు, పే స్కేలుని బట్టి వస్తుంది. పెద్ద శాఖ వల్ల వచ్చేది ప్రమోషన్. కింద సెక్షన్లు పెరిగితేనే పైన ఇంకో సూపరింటెండెంటు పోస్టు అడగడానికి వీలు. ప్రమోషన్ వస్తే ఆ పెరిగిన జీతం పెన్షన్ దాకా వెంట వస్తుంది. దాని ముందు ఒకసారి ఇచ్చే బోనస్ ఏపాటిది?

అందుకే లోకంలో ఎక్కువగా నడిచింది వేరే దారి: పై అధికారికి వాటా ఇవ్వడం కాదు, వెళ్లిపోయేవాడికి డబ్బివ్వడం. అమెరికాలో 1994 చట్టంతో 25,000 డాలర్ల దాకా ఇచ్చి పంపించారు. 2,72,900 ఉద్యోగాలు తగ్గించాలని చట్టంలోనే రాశారు. అయిదేళ్లలోపు మళ్లీ ప్రభుత్వోద్యోగంలో చేరితే మొత్తం తిరిగి కట్టాలి. మన దేశంలో 2019 బీఎస్ఎన్ఎల్ వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ పథకం). 2020 జనవరి 31న 78 వేల మందికి పైగా ఒక్కరోజే బయటికొచ్చారు. చేసిన ప్రతి ఏడాదికి 35 రోజులు, మిగిలిన ప్రతి ఏడాదికి 25 రోజుల జీతం.

ఆ సూత్రాన్నే రాష్ట్ర ఉద్యోగికి వేసి చూడండి. 30 ఏళ్లు చేసి, ఇంకో 5 ఏళ్లున్న మనిషి: 35×30 = 1050, 25×5 = 125, మొత్తం 1175 రోజులు. అంటే 39 నెలల జీతం. పైగా ఆ 5 ఏళ్లూ పెన్షన్, సుమారు సగం జీతమనుకుంటే 30 నెలలు. రెండూ కలిపి 69. ఉంచుకుంటే 60 నెలలే. ఖజానాకి నష్టం! ఇలాంటి పథకాల్లో గరిష్ఠ పరిమితి పెట్టేది ఇందుకే. అదే 25 ఏళ్లు చేసి 10 ఏళ్లున్నవాడైతే 1125 రోజులు, 37.5 నెలలు, పెన్షన్ 60, మొత్తం 97.5. ఉంచితే 120. ఇక్కడ 22.5 నెలలు మిగులు. (డీఏ, ఇంక్రిమెంట్లు కలపలేదు, కలిపితే అంకెలు మారతాయి.)

అంటే లాభం తెచ్చేది చిన్న వయసు వాళ్లు. కానీ ఆ వయసులో వెళ్లడానికి ముందుకొచ్చేది బయట పని దొరికే సమర్థులే. పని రానివాడు కుర్చీ వదలడు. వెళ్లినవాడి పోస్టు తర్వాత నింపితే ఆ 22.5 నెలలూ గల్లంతు.

ఇంకోటి, ఇదంతా ముందే నగదు పెట్టాల్సిన పని. 2022 జనవరిలో మన రాష్ట్రం రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62 చేసింది, దాంతో గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే ఏకమొత్తంగా తీసుకోవడం) చెల్లింపులు రెండేళ్లు వెనక్కి జరిగాయి. చేతిలో నగదు లేని ప్రభుత్వానికి అటే సులువు.

రాజాం రోడ్డు (ఏ జిల్లా అని అడక్కండి, 2022లో మారింది):
మాస్టారూ, మీరిద్దరూ మనుషుల్ని లెక్కేస్తున్నారు. పని సంగతేటి? 1984లో కరణం, మునసబు పదవులు ఒక్క ఆర్డినెన్సుతో పోయాయి, ఎవరికీ ప్రోత్సాహకం ఇవ్వలేదు. కానీ ఊళ్లో భూమి రికార్డు, శిస్తు పని పోలేదు. తర్వాత వీఏఓలు (గ్రామ పరిపాలనాధికారులు), పంచాయతీ కార్యదర్శులు, వీఆర్వోలు వచ్చారు. 2019 అక్టోబర్ 2 నుంచి సచివాలయాలు.

పని పోతే మాత్రం ఖర్చు నిజంగా పోతుంది. సర్టిఫికెట్ల నకళ్ల మీద గెజిటెడ్ సంతకం బదులు స్వీయ ధ్రువీకరణ చాలని 2014లో కేంద్రం చెప్పింది. బోనస్ లేదు, ఒక్క ఆదేశంతో ఆఫీసుల ముందు క్యూ తగ్గింది. అదే ఒక చట్టం కింద ఇచ్చే లైసెన్సు అయితే, దాన్ని తీసే అధికారం ఏ శాఖాధిపతికీ లేదు, శాసనసభకే ఉంది. 2022లో 13 జిల్లాలు 26 చెయ్యాలన్నది కూడా అధికారి నిర్ణయం కాదు. లేని అధికారానికి బోనస్ ఇచ్చి ఏటి లాభం?

గంటస్తంభం:
సరే. అయినా ఒక జిల్లాలో, ఒక శాఖలో ప్రయోగం చేద్దామంటే షరతులేం పెట్టాలి?

ట్రెజరీ మెట్లు:
ప్రాతిపదిక అంచనా కాదు, గడిచిన మూడేళ్ల వాస్తవ ఖర్చు సగటు, ధరల పెరుగుదల కలిపి. ఖాళీ పోస్టుకి రూపాయి కూడా ఇవ్వొద్దు. ఆర్థిక శాఖ పోస్టు రద్దు జీవో ఇచ్చి, నంబర్ స్టేట్‌మెంట్‌లో మంజూరు సంఖ్య తగ్గాకే లెక్క. మార్చి 31 నాటి చెల్లించని బిల్లులన్నీ ఖర్చులోనే కలపాలి. గడువు మీరిన దరఖాస్తులు పెరిగితే బోనస్ సున్నా, లేకపోతే కౌంటర్ మూసేసి పొదుపంటారు.

బోనస్ వెంటనే ఇవ్వొద్దు, మూడేళ్లలో మూడు వాయిదాలు, మధ్యలో ఆ పోస్టు తిరిగొస్తే మిగతాది రద్దు. ఇక్కడ కష్టమైన ముడి బదిలీ. అధికారి రెండేళ్లకే వేరే జిల్లాకి పోతే, తర్వాత వచ్చినాయన పోస్టులు అడిగితే ఎవరి వాయిదా ఆగాలి? నా లెక్కలో మొదటాయనదే ఆగాలి, కానీ ఆ షరతుకి ఏ సంఘమూ ఒప్పుకోదు. అందుకని బోనస్ మనిషికి కాక ఆఫీసుకి ఇవ్వడం మేలు: కొత్త కంప్యూటర్లు, రికార్డు గదికి ర్యాకులు, సిబ్బందికి శిక్షణ. ఆశ తగ్గుతుంది, దొంగ లెక్కలూ తగ్గుతాయి.

చీపురుపల్లి మాస్టారు:
ఆశ తగ్గితే ప్రమోషన్ పోస్టుని వదులుకునేవాడెవడండీ? కనీసం పోస్టు రద్దయిన సెక్షన్‌లో ఉన్నవాళ్ల సీనియారిటీకి, పై స్కేలుకి రక్షణ అదే జీవోలో రాయండి. అది లేకుండా ర్యాకులు ఇస్తామంటే ఫైలు కదలదు.