డాక్టర్ ఇచ్చిన జలుబు మాత్రకు క్రీడాకారిణి పతకం తీసేయడం న్యాయమేనా?

తెల్లగీత:
2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రొమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రదుకాన్ ఆల్‌రౌండ్ స్వర్ణం గెలిచింది. టీమ్ డాక్టర్ జలుబుకని ఇచ్చిన మాత్రలో సూడోఎఫెడ్రిన్ (ముక్కుదిబ్బడ తగ్గించే మందు, క్రీడల్లో నిషిద్ధ పదార్థాల జాబితాలోది) ఉందని పతకం వెనక్కి తీసుకున్నారు. పదహారేళ్ల పిల్ల. డాక్టర్ మాట నమ్మి మాత్ర వేసుకోవడం మోసమెలా అవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

లేన్ నాలుగు:
ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయండీ: ఫలితం, శిక్ష. వ్యక్తిగత ఈవెంట్‌లో పోటీ రోజు తీసిన శాంపిల్‌లో నిషిద్ధ పదార్థం తేలితే ఆ ఫలితం దానంతటదే రద్దవుతుంది, తప్పెవరిదని అడగరు. తప్పు ఎంతన్నది నిషేధకాలం నిర్ణయించేటప్పుడే చూస్తారు. అందుకే రదుకాన్‌పై నిషేధం పడలేదు. టీమ్ స్వర్ణం, వాల్ట్ రజతం ఆమెకే మిగిలాయి. డాక్టర్‌ను ఆ ఒలింపిక్స్ నుంచే పంపేశారు.

ఉద్దేశం రుజువైతేనే ఫలితం రద్దంటే, "నాకు తెలియదు, డాక్టర్ ఇచ్చాడు" అన్న మాట ప్రతి కేసులోనూ వస్తుంది. అది నిజమో కాదో ఏ ల్యాబూ తేల్చలేదు. కాబట్టి నిబంధన ఉండాల్సిందే. ఆమెకు మాత్రం అన్యాయమే జరిగిందంటాను. అప్పట్లో పరిమితి మిల్లీలీటరు మూత్రానికి 25 మైక్రోగ్రాములు. 2004లో ఆ మందును జాబితాలోంచే తీసేశారు, 2010లో 150 పరిమితితో మళ్లీ చేర్చారు.

మందులచీటీ:
ఈ మందుతో ఇప్పటికీ దెబ్బతినేది టైమింగ్ దగ్గరే. నిషేధం పోటీ సమయంలోనే, కానీ ఆ సమయం మామూలుగా ముందు రోజు రాత్రి 11:59కే మొదలవుతుంది. ఆదివారం పోటీ ఉంటే శనివారం రాత్రి నుంచే లెక్క. దానికి కనీసం 24 గంటల ముందు, అంటే శుక్రవారం రాత్రికల్లా మాత్ర ఆపేయాలి. బ్రాండ్ పేరు నమ్మొద్దు. అదే పేరుతో వచ్చే నొప్పి మాత్రలో ఇది లేకపోయినా, "కోల్డ్" అని రాసున్న దానిలో ఉండొచ్చు. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవాల్సిందే.

శాంపిల్ ఇచ్చేటప్పుడు గత 7 రోజుల్లో వాడిన మందులూ సప్లిమెంట్లూ ఫారంలో రాయండి. రాసినంత మాత్రాన మినహాయింపు రాదు, కానీ విచారణలో మీ మాటకు ఆ కాగితం బలం.

తెల్లగీత:
సప్లిమెంట్‌లోనే కల్తీ ఉంటే?

లేన్ నాలుగు:
కల్తీ అని మీరే రుజువు చేయాలి. తెరిచిన డబ్బా చూపిస్తే, తర్వాత ఎవరో కలిపారంటారు. అదే బ్యాచ్ నంబరున్న, సీలు తీయని డబ్బా ఒకటి, బిల్లుతో సహా దాచుకోండి. రుజువైతే తప్పు స్థాయిని బట్టి మందలింపు నుంచి 2 ఏళ్ల నిషేధం దాకా ఉంటుంది. చేయలేకపోతే, దొరికింది అనబాలిక్ స్టెరాయిడ్ (కండలు పెంచే మందు) అయితే మామూలుగా 4 ఏళ్లు. శాంపిల్ పోటీ రోజుదైతే, కల్తీ రుజువైనా ఆ పతకం తిరిగి రాదు.