ఏసీ వేసుకుని ఎడమకి తిప్పితే మీటర్‌లో లైట్లన్నీ ఒకేసారి వెలుగుతున్నాయి, షెడ్డుకి తీసుకెళ్తే ఏమీ ఉండదు

కుండలహళ్ళి కుర్రోడు:
అన్నలూ, కొంచెం దారి చూపించండి. ఐదు నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో 2017 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను, అప్పటికి 78 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయట్లేదు, రాస్తే గొడవంతా దాని మీదకి పోయి నా బాధ పక్కన పడిపోతుంది.

రాత్రి ఆఫీసు నుంచి వస్తూ మా లేఅవుట్‌లోకి ఎడమకి తిప్పగానే స్టీరింగ్ లైటు, ఏబీఎస్ లైటు, ఒక్కోసారి ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా ఒకేసారి వెలుగుతాయి, స్పీడోమీటర్ ముల్లు సున్నాకి పడిపోయి మళ్ళీ లేస్తుంది. ఆపి స్టార్ట్ చేస్తే అన్నీ మాయం. పొద్దున పూట ఎప్పుడూ రాదు. పోయిన నెల మదనపల్లె వెళ్తుంటే చింతామణి దాటాక రోడ్డు మీద గుంతలో పడి లేచింది, అంతే, స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. పక్కన అమ్మ, వెనక పాప. రెండు చేతులతో లాగి పక్కకి ఆపాను. అప్పటి నుంచి బండి ఎక్కాలంటేనే టెన్షన్.

మొదట చూపించిన చోట బ్యాటరీ పోయిందని 6,200 పెట్టి కొత్తది వేశారు. రెండు వారాలు బాగుంది, మళ్ళీ మొదలు. రెండో చోట స్టీరింగ్ మోటార్ మొత్తం సెట్టు మార్చాలి, 46 వేలు అవుతుంది అన్నారు. ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి, ఇంజిన్‌కి కలిపే తీగ) చూశారా అని అడిగితే మల్టీమీటర్ పెట్టి బీప్ వినిపించి బాగానే ఉంది అన్నారు. ఇప్పుడు మార్చేయమంటారా?

సిల్క్ బోర్డ్ బాధితుడు:
ఏబీఎస్ సెన్సార్ పోయుంటుంది బ్రో, నాకూ ఇలాగే అయింది. చక్రం దగ్గర సెన్సార్ మార్చా, లైటు పోయింది.

పాత డైనమో:
సెన్సార్ ఒక్కటే పోతే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, దానితో పాటు ట్రాక్షన్ లైటు ఉంటే అదీ వెలగొచ్చు. ఎయిర్‌బ్యాగ్ లైటుకి చక్రం సెన్సార్‌తో ఏం పని? ఒకదానితో ఒకటి సంబంధం లేని లైట్లు ఒకేసారి వస్తున్నాయంటే అన్నీ ఒకేసారి పాడవ్వలేదు, అన్నిటికీ కలిపి అందాల్సిందేదో అందట్లేదు. అది కరెంటు కావచ్చు, ఎర్త్ కావచ్చు, అవి మాట్లాడుకునే క్యాన్ లైను కావచ్చు. చాలా బళ్ళల్లో స్పీడోమీటర్‌కి వేగం చెప్పేది ఏబీఎస్ మాడ్యూలే, అది ఒక్క క్షణం నిద్రపోతే ముల్లు పడిపోతుంది. మోటార్‌కి డబ్బులు కట్టకండి ఇప్పుడే.

బీప్ సంగతి చెప్తాను, ఈ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎర్త్ తీగలో వంద పోగులుండి తొంభై తొమ్మిది తెగినా బీప్ మోగుతుంది. మీటర్ పంపే కరెంటు ఎంత, మీ స్టీరింగ్ మోటార్ లాగే కరెంటు ఎంత! బండి ఆపి స్టీరింగ్ తిప్పితే 40, 50 ఆంపియర్లు కూడా లాగేస్తుంది. లోడు ఉన్నప్పుడు కొలవని ఎర్త్ కొలవనట్టే లెక్క.

ఇలా చేయండి. ఇంజిన్ స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు వేసి, ఏసీ బ్లోయర్ ఫుల్‌లో పెట్టండి. మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ స్తంభానికి ఆనించండి, పైన బిగించిన క్లాంపుకి కాదు, సీసపు స్తంభానికే. ఎర్ర తీగ ఇంజిన్ మీద రంగు లేని లోహానికి. 0.1 వోల్టు లోపు ఉంటే సరే, 0.3 దాటితే అక్కడ ఏదో ఉంది. మైనస్ గుర్తు చూపిస్తే కంగారు పడకండి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు అలాగే వస్తుంది. తర్వాత అదే బాడీకి. చివరికి బ్యాటరీ రెండు స్తంభాల మధ్య ఎంత, డైనమో (ఇంజిన్ నడుస్తుంటే కరెంటు తయారు చేసేది) వెనక పెద్ద బోల్టుకీ దాని ఒంటికీ మధ్య ఎంత, రెండూ రాయండి. ఆ బోల్టుకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఎర్ర తీగ మొన దానికీ ఒంటికీ ఒకేసారి తగిలితే నిప్పురవ్వలే. బెల్టు తిరుగుతుంటుంది, చేతులు, చున్నీ, లూజు చొక్కా జాగ్రత్త.

బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్లు చదివే బ్లూటూత్ స్కానర్ ఎవరి దగ్గరైనా దొరికితే, చెరిపేయకుండా ఆ కోడ్లు రాసుకోండి. షెడ్డులో ముందు చెరిపేసి తర్వాత సమస్య లేదంటారు.

అడయార్ గాలి:
నేను చెన్నైలో ఉంటాను. ఇక్కడ 2015 వరదలు చూసినవాళ్ళం కాబట్టి సెకండ్ హ్యాండ్ బండి అనగానే నాకు నీళ్ళ మీదే అనుమానం. మీ బెంగళూరులో కూడా 2022 సెప్టెంబర్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్క లేఅవుట్లు మునిగాయి కదా. సీటు బెల్టు చివరి దాకా లాగి చూడండి, బురద చార కనిపిస్తుంది. స్టెప్నీ కింద గుంట, సీటు పట్టాల తుప్పు కూడా చూడండి. ఇంకోటి, ఎలుకలు. మా ఫ్లాట్స్‌లో ఒక ఎలుక మూడు బళ్ళ వైరింగ్ తినేసింది, పేరు కూడా పెట్టాం దానికి.

కుండలహళ్ళి కుర్రోడు:
సీటు బెల్టు, స్టెప్నీ రెండూ శుభ్రంగా ఉన్నాయి, ఎలుక రెట్టలు లేవు. ఇవాళ పార్కింగ్‌లో మా తమ్ముడు టార్చ్ పట్టుకుంటే కొలిచాను. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి 0.03. ఇంజిన్‌కి మైనస్ 1.3! తప్పు కొలిచానేమో అని మూడు సార్లు చూశాను. బ్యాటరీ స్తంభాల మధ్య 12.9, డైనమో దగ్గర 14.3. స్కానర్‌లో పీ0562, యూ0121 ఉన్నాయి.

పాత డైనమో:
దొరికింది. పీ0562 అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువ, యూ0121 అంటే ఏబీఎస్ మాడ్యూల్‌తో మాటలు తెగిపోయాయి. డైనమో 14.3 తయారు చేస్తోంది, మీ బ్యాటరీకి 12.9 మాత్రమే చేరుతోంది. మధ్యలో 1.3 ఇంజిన్ ఎర్త్ దగ్గరే ఆవిరైపోతోంది. అందుకే కొత్త బ్యాటరీ రెండు వారాలు మోసింది, దానిలో నిండుగా ఉన్నది వాడుకున్నారు, సరిగా నిండక మళ్ళీ పాత కథ. పొద్దున లైట్లు అవసరం లేదు, ఏసీ తక్కువ, అందుకే రాదు. ఎడమ మలుపుకీ దీనికీ సంబంధం లేదనుకుంటా, ఆ మలుపులో స్పీడ్ బ్రేకర్ ఉందా?

ఆ బండికి ఈ మధ్య క్లచ్ పని జరిగిందా చూడండి.

కుండలహళ్ళి కుర్రోడు:
ఉంది అన్నా, మా లేఅవుట్ గేటు ముందే పెద్ద బ్రేకర్ ఉంది! నేను ఎడమ ఎడమ అని నెల రోజులు బుర్ర పాడు చేసుకున్నాను. పాత ఓనర్ ఇచ్చిన బిల్లుల్లో 71 వేల దగ్గర క్లచ్ ప్లేటు మార్చిన బిల్లు కూడా ఉంది.

పాత డైనమో:
క్లచ్ వేయాలంటే గేర్‌బాక్స్ దించాలి, దించాలంటే ఎర్త్ తీగ విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు అది చివరి బోల్టు, అప్పటికి సాయంత్రం అయిపోయి ఉంటుంది. బ్యాటరీ ట్రే కింద చూడండి. ముందు నెగటివ్ టెర్మినల్ తీసి, తర్వాతే చెయ్యి పెట్టండి.

కుండలహళ్ళి కుర్రోడు:
ఆదివారం ట్రే విప్పాం. 13 నంబర్ స్పానర్ తీసుకుని వంగాను, బోల్టు చేత్తోనే తిరిగింది. ఎర్త్ తీగ లగ్ (చివర బోల్టు దూరే రింగు) కింద గేర్‌బాక్స్ మీద తెల్లటి పొడి, లగ్ దగ్గర రాగి పోగులు సగం తెగి, మిగతావి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. మా తమ్ముడు ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. జేసీ రోడ్‌లో 450కి కొత్త తీగ దొరికింది, ఉప్పుకాగితంతో రుద్ది లోహం మెరిసేదాకా తెచ్చి బిగించాం. ఇప్పుడు ఇంజిన్‌కి 0.04, బ్యాటరీ దగ్గర 14.1. మూడు వారాలైంది, వానలో ఏసీ, వైపర్లు, లైట్లు అన్నీ వేసుకుని వర్తూరు రోడ్డు గుంతల్లో కావాలనే తిప్పాను, స్టీరింగ్, ఏబీఎస్ లైట్లు మళ్ళీ రాలేదు.

ఎయిర్‌బ్యాగ్ లైటు మాత్రం మొన్న మళ్ళీ వెలిగింది. స్టీరింగ్ బాగా కుడికి తిప్పినప్పుడు హారన్ కూడా మోగట్లేదు. ఇది కూడా ఎర్తేనా అన్నా?

పాత డైనమో:
కాదు, ఇది వేరే. హారన్, ఎయిర్‌బ్యాగ్ రెండూ స్టీరింగ్ తిప్పినప్పుడే పోతున్నాయంటే ఆ రెండింటి కరెంటునీ తిరిగే స్టీరింగ్ చక్రానికి అందించే, దాని కింద చుట్టగా ఉండే క్లాక్ స్ప్రింగ్ మీద నా అనుమానం. మల్టీమీటర్ ఎయిర్‌బ్యాగ్ తీగల పసుపు కప్లర్ల జోలికి తీసుకెళ్ళకండి, ఎయిర్‌బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. ఇది మాత్రం షెడ్డులోనే చేయించండి, బ్యాటరీ తీసి కాసేపు ఆగి పని మొదలుపెట్టేవాడి దగ్గర.