ఎండాకాలం కోనసీమలో వర్క్ ఫ్రం హోమ్, పొలాలంట నడక: సరైన కాలమేనా?

కెపిహెచ్‌బి_అల్లుడు:
ఆఫీసు వాళ్ళు మే నెలంతా ఇంటి నుంచే చేసుకోమన్నారండి. అత్తారిది ఆత్రేయపురం పక్కన. ల్యాప్‌టాప్ పట్టుకుని అక్కడికి పోయి, పొద్దున్నా సాయంత్రం చేలంట తిరుగుదామని ప్లాను. అక్కడోళ్ళేమో సంక్రాంతికి రావాలి గాని రోహిణి కార్తెలో ఏం చూస్తావు, కాలవలకి నీళ్ళు కట్టేసుంటాయి అంటున్నారు. వెళ్ళొచ్చా?

విజయనగర్_కాలనీ:
వద్దండి. హైదరాబాద్‌లో 41 తట్టుకున్నోళ్ళు కూడా అక్కడ 38కి పడిపోతారు. గాల్లో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. వాతావరణ శాఖ కూడా మైదానాల్లో 40 నుంచి లెక్కేసే వడగాల్పుని తీరంలో 37 నుంచే లెక్కేస్తది, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగుంటే. పైగా కాలవలో నీళ్ళు లేని కోనసీమ ఏం కోనసీమండి. డిసెంబర్లో లీవ్ పెట్టుకోండి.

లాకుల_గట్టు:
ఎండ గురించి చెప్పింది నిజమే, పదకొండు నుంచి నాలుగున్నర దాకా గడప దాటకూడదు. మిగతాది మాత్రం నేనొప్పుకోను. మా వైపు నడవాలంటే వేసవే. సార్వా, అంటే వానాకాలం వరి, ఊడ్చాక చేలన్నీ నీళ్ళు, గట్టు మీద కాలేస్తే మోకాలి దాకా బురద, కోతలయ్యాయో లేదో మళ్ళీ దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, నీళ్ళు పెట్టేస్తారు, సంక్రాంతికొచ్చినోళ్ళు చూసేదంతా కారు అద్దంలోంచే. దాళ్వా కోసి కాలవ కట్టాకే నేల ఆరతది, అప్పుడు పుంత (బండి బాట) దిగి చేలకడ్డం పడి ఏటిగట్టు దాకా పోవచ్చు, ఏడాదిలో ఇంకెప్పుడూ అలా పోలేం. కోసిన చేలల్లో రాలిన గింజల కోసం బాతుల మందలు తోలుకొస్తారు, వందల బాతులు ఒక్కసారి మళ్ళితే చేను చేనంతా కదిలినట్టుంటది. ఎరువు కోసం గొర్రెల మంద కట్టించుకుంటారు. కాలవ మడుగుల్లో మిగిలిన చేపల కోసం కొంగలు దిగుతాయి.

మీకు లొల్ల లాకులు దగ్గరే, తప్పకుండా వెళ్ళండి. ధవళేశ్వరం నుంచొచ్చే నీళ్ళు అమలాపురం కాలవకీ పి.గన్నవరం కాలవకీ చీలేది అక్కడే. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడని అందరం బళ్ళో చదివిందే, కానీ ఆ కాలవల్లో పడవలు కూడా నడిచాయని, లాకులు కట్టింది ఆ పడవలు ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కి దిగడానికేనని నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు చూస్తే తట్టదు. నీళ్ళు తీశాక గోడల లోతు, తలుపుల ఎత్తు కనపడి అప్పుడర్థమవుతది. నాకైతే నిండు కాలవ కన్నా ఇదే ఎక్కువ ఇష్టం.

ముమ్మిడివరం_రైతు:
అన్నగారూ, మీరు చెప్పినవన్నీ ఉన్నాయి కానీ ప్రశాంతం అనుకుని వస్తే మాత్రం కాదు. దాళ్వా ధాన్యం రోడ్ల మీదే ఆరబోస్తాం, ఇంకెక్కడ పోస్తామండి, కళ్ళాలు మిగలనిచ్చారా. అకాల వర్షం మబ్బేస్తే అర్ధరాత్రి లేచి బరకాలు కప్పాలి. తేమ శాతం ఎక్కువుందని కొనకుండా తిప్పుతుంటే ఆ బస్తాల దగ్గరే పడుకుంటాం. మీకు నడక, మాకు ఏడాది కష్టం డబ్బయ్యే రోజులు. ఇంకోటి, ఎండిపోయినట్టు కనపడ్డ చేలన్నీ ఖాళీ కాదు, పచ్చిరొట్ట ఎరువుకి పిల్లిపెసర చల్లుంటాం, జీలుగ వేసుంటాం. తొక్కుకుంటా పోకండి.

లాకుల_గట్టు:
మీ మాట నూటికి నూరు పాళ్ళు కరెక్టండి, చేలకడ్డం పడి అన్నాను, అది కోతమోడు ఉన్నవాటికే, మొలక కనపడితే గట్టెక్కాల్సిందే. కానీ మీరు చెప్పిందానికే ఈ రోజుల్లో రావాలంటాను. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా మానేశారు, గిట్టుబాటు లేదు, మురుగు దిగదు అని. ఆ మురుగు కాలవల్లో గుర్రపుడెక్క (నీళ్ళ మీద తేలే కలుపు) ఎంత పేరుకుందో, పూడిక తీసే పని మొదలయిందో లేదో కళ్ళతో చూడగలిగేది ఈ రెండు నెలలే. జూన్‌లో నీళ్ళొదిలితే అంతా కప్పడిపోద్ది. పట్నంలో ఉండి జీతం తెచ్చుకునేవాళ్ళు సొంతూరి గురించి మాట్లాడాలంటే ఆ ధాన్యం కష్టం, ఈ మురుగు కాలవలు రెండూ చూసే మాట్లాడాలని నా గట్టి నమ్మకం.

కెపిహెచ్‌బి_అల్లుడు:
మరి నెట్టు, కరెంటు?

లాకుల_గట్టు:
మధ్యాహ్నం కరెంటు పోతుంటది, రౌటర్‌ని ఇన్వర్టర్ లైన్ మీదకి మార్పించండి, మేడ మీద గది వద్దు, కింద ఉత్తరం వైపు గదిలో బల్ల వేయించుకోండి. మే చివర్లో అయిదున్నరకల్లా తెల్లారిపోద్ది, ఏడున్నరకి ఇంట్లో పడితే స్నానం చేసి తీరిగ్గా లాగిన్ అవ్వొచ్చు. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి తిరుగుద్ది, మీ ఊరికొచ్చేసరికి కాస్త ఆలస్యమైనా అయిదింటికి బయటికి అడుగుపెట్టొచ్చు. చీకటి పడితే టార్చి లేకుండా గట్టెక్కొద్దు, కట్లపాములు తిరిగేది రాత్రిళ్ళే. నీళ్ళ బాటిల్ మర్చిపోకండి. దారిలో ముంజెలు కొట్టేవాళ్ళు కనపడితే లేతవి అడగండి.

ముమ్మిడివరం_రైతు:
ధాన్యం ఆరబోసిన చోట చెప్పులిప్పి పక్కనుంచి రండి, మేమే పిలిచి కొబ్బరి బొండాం కొట్టిస్తాం.